హంసమండలంలో గామా జ్వాలలు

సెప్టెంబరు నెలలో, మబ్బు విడిచిన ఒక రాత్రి తొమ్మిది గంటలవేళ, దేవనహళ్ళి కోట గోడ దగ్గర నిలబడి ఉత్తరంగా తల పైకెత్తితే హంసమండలం కనిపిస్తుంది. ఇదివరకైతే స్పష్టంగా కనిపించేది. 2008లో విమానాశ్రయం వచ్చిన తరువాత ఆ దీపాల వెలుగు ఆకాశానికి పాకి, చిన్న నక్షత్రాలన్నీ అందులో కరిగిపోయాయి. అయినా హంస తోకలో ఉన్న డెనెబ్ మాత్రం ఇంకా కంటికి ఆనుతుంది. చెయ్యి చాచి పట్టుకుంటే, డెనెబ్‌కు సుమారు మూడు వేళ్ళ వెడల్పు దూరంలో, హంస రొమ్ముకు దగ్గరగా ఒక చోటు ఉంది. అక్కడ మన కంటికేమీ కనబడదు. ఎంత పెద్ద దూరదర్శిని పెట్టినా మామూలు వెలుగులో ఏమీ కనబడదు, ఎందుకంటే దారిలో ఉన్న ధూళి ఆ వెలుగునంతా మింగేస్తుంది. కాని రేడియో తరంగాల్లో, పరారుణ కాంతిలో, ఎక్స్-కిరణాల్లో చూసేవారికి అక్కడ ఒక జంటతార ఉంది. దాని పేరు సిగ్నస్ ఎక్స్-3. హంసమండలంలో కనుగొన్న మూడో ఎక్స్-కిరణ మూలం అని ఆ పేరుకు అర్థం.

తెలుగు పీఠం బులెటిన్‌లో ఖగోళ భౌతికం ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఒక కారణం మాటలది. ఈ సంగతులు తెలుగులో చెప్పబోయినప్పుడు ఏ మాట నిలుస్తుందో ఏది జారిపోతుందో చెప్పి చూస్తే గాని తెలియదు. రెండో కారణం, ఈ తార గురించి దాదాపు నలభై ఏళ్ళు సాగిన ఒక తగవు తీరడంలో మన శ్రీహరికోటకు చిన్న పాత్ర ఉంది. దేవనహళ్ళికి తూర్పున, దాదాపు అదే అక్షాంశం మీద, సముద్రపుటొడ్డున ఉన్న ఆ దీవి నుంచి వెళ్ళిన ఒక ఉపగ్రహమే ఆ తగవులో ముఖ్యమైన సాక్ష్యం చెప్పింది.

ముందు ఆ జంట సంగతి చూద్దాం. ఇద్దరిలో ఒకటి మామూలు తార కాదు. సూర్యుడికంటె ఎన్నో రెట్లు బరువుండి, పై పొరల్లోని హైడ్రోజన్‌ను పోగొట్టుకుని, తన ఒంటి వాయువును గాలిలా నాలుగు దిక్కులకూ ఊదిపారేస్తున్న వోల్ఫ్-రాయే జాతి తార. ఈ సంగతి 1992లో పరారుణ కాంతిలో చేసిన పరిశీలనవల్ల తెలిసింది. రెండోది చచ్చిపోయిన తార మిగిల్చిన గట్టి పిక్క. అది న్యూట్రాన్ తారా, కృష్ణబిలమా అన్నది ఇప్పటికీ తేలలేదు, కృష్ణబిలమే కావచ్చునని ఎక్కువమంది అభిప్రాయం. ఇవి రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరగడానికి పట్టే కాలం 4.8 గంటలు. అంటే పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు ముందే ఒక చుట్టు పూర్తి అవుతుంది. అంత వేగంగా తిరగాలంటే ఎంత దగ్గరగా ఉండాలో ఊహించండి. రెంటికీ మధ్య దూరం సూర్యుడి వ్యాసానికి సుమారు రెట్టింపు మాత్రమే. ఈ 4.8 గంటలు అన్న అంకెను పాఠకులు గుర్తు పెట్టుకోవాలి, కథంతా దానిమీదే నడుస్తుంది.

పెద్ద తార ఊదే వాయువులో కొంత ఈ పిక్క వైపు పడి, సుడి తిరుగుతూ చక్రంలా ఏర్పడి, రాపిడికి లక్షల, కోట్ల డిగ్రీల వేడెక్కి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. ఇలాంటి జంటలను ఎక్స్-కిరణ జంటతారలు అంటున్నారు. వీటిలో కొన్నింటిలో, చక్రంలోకి వచ్చిన పదార్థమంతా లోపలికి పోదు. కొంత భాగం చక్రానికి నిటారుగా, పైకీ కిందికీ రెండు సన్నని ధారలుగా, కాంతి వేగానికి దగ్గరి వేగంతో చిమ్ముకొస్తుంది. ఇంగ్లీషులో దీన్నే జెట్ అంటారు. మనవాళ్ళు వసంతోత్సవంలో రంగునీళ్ళు చల్లుకునే చిమ్మనగ్రోవి గుర్తుకు తెచ్చుకుంటే, చిమ్ముధార అన్న మాట దీనికి సరిగ్గా అతుకుతుందని నాకు అనిపిస్తుంది. ఇక రెండో చిక్కు మాట ఫ్లేర్. సౌరజ్వాల అన్న మాట పత్రికల్లో ఎలాగూ స్థిరపడింది కనుక గామా జ్వాల అందాం. అక్కడ మండుతున్నదేమీ లేదని, ఉన్నట్టుండి వెలుగు పెరిగి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోవడమే దాని అర్థమని గ్రహిస్తే చాలు.

గామా కిరణాలకు అంత ప్రాధాన్యం ఎందుకు? కంటికి కనిపించే వెలుగులో ఒక్కొక్క కణిక శక్తి రెండు మూడు ఎలక్ట్రాన్ వోల్టులు. ఎక్స్-కిరణాల్లో వేలల్లో ఉంటుంది. మనం మాట్లాడుకునే గామా కిరణాల్లో పది కోట్లకు పైమాటే. వేడెక్కిన వాయువు ఎక్స్-కిరణాలను ఇవ్వగలదు. కాని ఎంత వేడెక్కినా ఈ చక్రం పది కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల కణికను ఇవ్వలేదు. అది రావాలంటే ఎక్కడో కణాలను విడిగా పట్టి, తోసి, విపరీతమైన వేగానికి ఎక్కించే యంత్రాంగం ఉండాలి. అందుచేత ఒక జంటతార నుంచి గామా కిరణాలు వచ్చాయని రుజువైతే, అక్కడొక సహజమైన కణత్వరణి ఉన్నట్టే. అంతరిక్షం నుంచి మన మీద నిత్యం కురిసే విశ్వకిరణాలు ఎక్కడ పుడతాయన్న పాత ప్రశ్నకూ దానికీ సంబంధం ఉంది. ఇంత పెద్ద పందెం ముందుండటం వల్లనే కాబోలు, ఈ తార విషయంలో కొందరు తొందరపడ్డారు.

సిగ్నస్ ఎక్స్-3ను 1966లో ఒక రాకెట్టు మీద పంపిన పరికరంతో కనుగొన్నారు. ఆ తరువాత కొన్నేళ్ళు దాన్ని ఎవరూ అంతగా పట్టించుకోలేదు. 1972 సెప్టెంబరు మొదట్లో కెనడాలోని రేడియో దూరదర్శినిలో అది ఉన్నట్టుండి మామూలుకన్న ఎన్నో వందల రెట్లు ప్రకాశవంతమై కనిపించింది. కబురు ఖండాలు దాటింది. ఎవరికి ఏ పరికరం అందుబాటులో ఉంటే దాన్ని అటు తిప్పారు. క్రిమియాలో సోవియట్ శాస్త్రజ్ఞులు తమ అద్దాలను తిప్పి, లక్ష కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు చూశామన్నారు. 1977లో అమెరికా వారి సాస్-2 ఉపగ్రహం లెక్కలు తిరగేసినవారు, తక్కువ శక్తి గల గామా కిరణాలు ఆ 4.8 గంటల లయతోనే వస్తున్నాయన్నారు. దానికన్నా ఎక్కువ కాలం పనిచేసిన యూరపు వారి కాస్-బి ఉపగ్రహానికి మాత్రం అటువంటిదేమీ కనబడలేదు.

అసలు కలకలం 1983లో మొదలైంది. జర్మనీలో కీల్ నగరపు విశ్వవిద్యాలయం వారు నేలమీద పరచిన శోధకాలతో, గాలిలో విరజిమ్మే కణాల జల్లులను లెక్కపెట్టి, ఈ తార వైపు నుంచి వెయ్యి లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులకు మించిన గామా కిరణాలు వస్తున్నాయని ప్రకటించారు. వాటిలోనూ 4.8 గంటల లయ ఉందన్నారు. ఇంగ్లండులోని హావెరా పార్క్ బృందం అవునంది. 1985 నాటికి ఇంకో వింత చేరింది. అమెరికాలో సూడాన్ ఇనుప గనిలోనూ, ఆల్ప్స్ పర్వతాల కింద సొరంగంలోనూ ప్రోటాన్ క్షయం కోసం పెట్టిన పరికరాలు అదే దిక్కు నుంచి మ్యూయాన్ కణాలు వస్తున్నాయన్నాయి. దేవనహళ్ళికి తూర్పుగా, తెలుగు, తమిళ కార్మికులు దిగి తవ్విన కోలారు బంగారు గనుల్లోనూ ఆ దశకంలో ప్రోటాన్ క్షయం కోసం ఇటువంటి పరికరమే నడుస్తుండేది కనుక, అది ఎటువంటి పనో ఈ ప్రాంతం వారికి బొత్తిగా కొత్త కాదు. చిక్కేమిటంటే గామా కిరణాలు అన్ని మ్యూయాన్లను పుట్టించలేవు. దాంతో కొందరు సిద్ధాంతవేత్తలు ఇదివరకు తెలియని కొత్త కణం ఏదో అక్కడి నుంచి వస్తోందని ఊహించి, దానికి సిగ్నెట్, అంటే హంసపిల్ల, అని పేరు కూడా పెట్టేశారు. పిల్ల పుట్టకముందే బారసాల చేసినట్టయింది.

హంసపిల్ల నిలవలేదు. ఫ్రాన్సు, జపాను దేశాల్లో భూగర్భంలో ఉన్న మరింత పెద్ద పరికరాలు అటువంటి మ్యూయాన్లేమీ లేవన్నాయి. నేలమీద కూడా కథ అలాగే ముగిసింది. కీల్ ఫలితాన్ని ఖాయం చేసుకోవాలన్న ఉద్దేశంతోనే నోబెల్ బహుమతి గ్రహీత జేమ్స్ క్రోనిన్ పూనుకుని అమెరికాలోని యూటా ఎడారిలో వెయ్యికి పైగా శోధకాలతో కాసా అనే విశాలమైన ఏర్పాటు చేయించారు. కీల్ వారు చెప్పినంత ప్రవాహం ఉంటే అందులో కుప్పలు తెప్పలుగా పడి ఉండాలి. ఏమీ పడలేదు. తార అప్పట్లో వెలిగి తరువాత చల్లారిందేమో అన్నవారున్నారు. ఆ వాదాన్ని కాదనడానికీ ఆధారం లేదు, నమ్మడానికీ ఆధారం లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఆలోచించదగ్గది. ఈ పని చేసినవారు మోసగాళ్ళు కారు, అనుభవం లేనివారూ కారు. కాని వచ్చే కణాలు అతి తక్కువ, చుట్టూ ఉన్న రొద అతి ఎక్కువ. లయ కోసం వెతికేటప్పుడు 4.8 గంటల చుట్టును పది ముక్కలు చేసి, ఏ ముక్కలో కొంచెం ఎక్కువ కణాలు పడితే దాన్ని సంకేతం అనుకుంటే, ఏదో ఒక ముక్కలో ఎప్పుడూ కొంచెం ఎక్కువ ఉంటుంది. ఏ ముక్కలో వెతకాలో పరిశీలనకు ముందే చెప్పిపెట్టుకుని ఉండాలి. ఒకరు ఒక ముక్కలో చూశారు, ఇంకొకరు మరో ముక్కలో చూశారు, రెండూ కలిపి రుజువు అన్నారు. ఆ వివాదం ఊపు మీద ఉన్న 1986లోనే టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన పి.వి. రమణమూర్తిగారు, ఇంగ్లండుకు చెందిన వోల్ఫెన్‌డేల్‌తో కలిసి రాసిన గామా కిరణ ఖగోళశాస్త్ర గ్రంథాన్ని కేంబ్రిడ్జి వారు ప్రచురించారు. ఈ శాస్త్రానికి తొలినాళ్ళలో వచ్చిన సమగ్ర గ్రంథాల్లో అదొకటి. మనవాళ్ళకు ఆ సంగతి అంతగా తెలియదు.

ఇక శ్రీహరికోటకు వద్దాం. 2007 ఏప్రిల్ 23న పి.ఎస్.ఎల్.వి.-సి8 రాకెట్టు ఇటలీ దేశపు అజీలె ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. బెంగళూరులోని ఆంట్రిక్స్ సంస్థ ద్వారా కుదిరిన బేరం అది. ఒక విదేశీ ఉపగ్రహమే ముఖ్యమైన సరుకుగా, కిరాయికి ఎగిరిన తొలి పి.ఎస్.ఎల్.వి. అదే. బరువు 352 కిలోలే కనుక ప్రక్కన కట్టే ఆరు చిన్న మోటార్లను తీసేసి, నడిమి భాగంతోనే మొదటిసారి పంపారు. పత్రికలు ఆ రోజు డాలర్ల లెక్క రాశాయి గాని, ఆ ఉపగ్రహం ఏం చూడబోతోందో రాసినవి తక్కువ. దాన్ని భూమధ్యరేఖకు దాదాపు సమాంతరంగా, సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరిగేట్టు పెట్టారు. దక్షిణ అట్లాంటిక్ మీద అంతరిక్ష కణాలు ముసిరే ప్రాంతం ఒకటుంది. భూమధ్యరేఖ మీదుగా పోతే దాని తాకిడి తక్కువ, రొద తక్కువ. సంకేతం కన్నా రొదే పెద్ద శత్రువైన పనికి ఆ కక్ష్య ఒక వరం. శ్రీహరికోట భూమధ్యరేఖకు దగ్గరగా ఉండటం అందుకు కలిసివచ్చింది.

2007 నడుమ నుంచి 2009 నడుమ దాకా అజీలె హంసమండలాన్ని పదేపదే చూసింది. సిగ్నస్ ఎక్స్-3 నుంచి నాలుగు పెద్ద గామా జ్వాలలు కనిపించాయి. ఒక్కొక్కటీ ఒకటి రెండు రోజులే. ఈసారి కొత్తదనం జ్వాలలు కనబడటంలో కంటె, అవి ఎప్పుడు కనబడ్డాయన్న దానిలో ఉంది. అదే కాలంలో వేరే ఉపగ్రహాలు ఎక్స్-కిరణాలను, నేలమీద దూరదర్శినులు రేడియో తరంగాలను చూస్తూనే ఉన్నాయి. వాటి పక్కన పెట్టి చూస్తే ఒక వరస బయటపడింది. తీవ్రమైన ఎక్స్-కిరణాలు అడుగంటుతాయి, మృదువైన ఎక్స్-కిరణాలు పెరుగుతాయి. రేడియో దాదాపు మూగబోతుంది. అప్పుడు గామా జ్వాల వస్తుంది. ఆ తరువాత కొన్ని రోజులకు రేడియోలో పెద్ద విజృంభణ, అంటే చిమ్ముధార బయటికి దూకిన గుర్తు. 2008 ఏప్రిల్ నాటి జ్వాల ఇటువంటిదే. ఈ ఫలితాలు 2009లో నేచర్ పత్రికలో వచ్చాయి.

రేడియో ఎందుకు వెనకబడుతుంది? చిమ్మిన ముద్ద మొదట చాలా చిక్కగా ఉంటుంది, రేడియో తరంగాలు దానిలో నుంచి బయటికి రాలేవు. అది విప్పారి పలచబడ్డాకనే అవి తప్పించుకుంటాయి. గామా కిరణాలకు ఆ అడ్డు లేదు. కాని వాటికి ఇంకో అడ్డుంది. పిక్కకు మరీ దగ్గరలో పుడితే అక్కడి ఎక్స్-కిరణాలతో ఢీకొని ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జతలుగా మారి మాయమైపోతాయి. కనుక ఈ జ్వాల పిక్క అంచున పుట్టడం లేదు, కొంత పైకి వచ్చిన ధారలో పుడుతోంది.

అజీలె మాటనే వేదంగా తీసుకోనక్కరలేదని అప్పుడు కూడా కొందరు అన్నారు, అందులో న్యాయముంది. హంసమండలం గామా కిరణాల్లో కిక్కిరిసిన సంత. సిగ్నస్ ఎక్స్-3కు అర డిగ్రీ, అంటే చంద్రబింబం వెడల్పంత దూరంలోనే ఒక పల్సార్ ఉంది. సెకనుకు ఏడు చుట్లు తిరుగుతూ అదీ గామా కిరణాలు ఇస్తుంది. ఆ వెలుగు ఈ తార ఖాతాలో పడలేదని ఎలా నమ్మాలి? 2008 జూన్‌లో వెళ్ళిన అమెరికా వారి ఫెర్మి ఉపగ్రహ బృందం దీనికి ఒక చక్కని ఉపాయం చేసింది. పల్సార్ మిణుకుమనే క్షణాలు ముందే తెలుసు కనుక, ఆ క్షణాల్లో పడిన గామా కణికలన్నిటినీ పక్కన పారేసి, మిగిలిన క్షణాల్లో పడినవాటినే లెక్కపెట్టింది. పల్సార్ ఆరిపోయినట్టయింది, సిగ్నస్ ఎక్స్-3 మిగిలింది. జ్వాల ఉన్న రోజుల్లో ఆ మిగిలిన వెలుగు 4.8 గంటల లయతో పెరిగి తరిగింది. జ్వాల లేని రోజుల్లో ఆ లయ లేదు.

ఆ లయకు కారణం కూడా తేలికగానే చెప్పవచ్చు. ధారలో అతివేగంగా పోయే ఎలక్ట్రాన్లకు పెద్ద తార ఇచ్చే అతినీలలోహిత కాంతి తగులుతుంది. ఢీకొన్నప్పుడు ఎలక్ట్రాన్ తన శక్తిలో కొంత భాగాన్ని ఆ కాంతి కణికకు ఇచ్చేస్తుంది, అది గామా కిరణమై ఎలక్ట్రాన్ పోయే దిక్కుకే దూసుకుపోతుంది. ఎదురెదురుగా వచ్చే రెండు లారీలు గుద్దుకోవడానికీ, వెనకనుంచి మెల్లగా తగలడానికీ ఉన్న తేడా ఇక్కడా ఉంది. పిక్క పెద్ద తారకు అవతలి వైపు ఉన్నప్పుడు, అక్కడి నుంచి మన వైపు వచ్చే ఎలక్ట్రాన్లకు తార కాంతి ఎదురుగా తగులుతుంది, గామా కిరణాలు హెచ్చుతాయి. ఇవతలికి వచ్చినప్పుడు కాంతి వెనకనుంచి తగులుతుంది, గామా కిరణాలు తగ్గుతాయి. చుట్టుకు ఒకసారి పెరగడం, ఒకసారి తగ్గడం. 1977లో, 1983లో ఇదే అంకె చెప్పారు గదా, తేడా ఏమిటని అడగవచ్చు. అప్పుడు లయ ఒక్కటే సాక్షి. ఇప్పుడు లయ ఏ రోజుల్లో ఉండాలో, ఏ రోజుల్లో ఉండకూడదో రేడియో, ఎక్స్-కిరణాలు విడిగా చెబుతున్నాయి. రెండు ఉపగ్రహాలు, రెండు బృందాలు, అవే రోజులు.

మిగతా జంటతారల సంగతి క్లుప్తంగా చెబుతాను. సిగ్నస్ ఎక్స్-1లో 2006 సెప్టెంబరులో ఒక రాత్రి మ్యాజిక్ దూరదర్శినికి జ్వాలలాంటిది కనబడింది, మళ్ళీ చిక్కలేదు. 2015 జూన్‌లో వి404 సిగ్నీ ఏళ్ళ నిద్ర నుంచి లేచినప్పుడు గామా కిరణాల జాడ దొరికింది గాని బలహీనమైనది. ఎస్ఎస్ 433లో జ్వాలల సంగతి వేరు, దాని ధారలు దూరాన వాయువును గుద్దుకునే చోట గామా వెలుగు నిలకడగా ఉందని 2018లో మెక్సికోలోని హాక్ బృందం చూపించింది. సిగ్నస్ ఎక్స్-3 లాగా పదేపదే జ్వాలలిచ్చి, ప్రతిసారీ ఒకే వరస పాటించే జంట ఇంకొకటి లేదు.

చివరికి ఒక విచిత్రం. చైనాలో ఎత్తయిన పీఠభూమి మీద ఉన్న లాసో శోధకాల బృందం 2025 చివర్లో, సిగ్నస్ ఎక్స్-3 నుంచి వెయ్యి లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులను దాటిన గామా కిరణాలు వస్తున్నాయని, అవి నెలల వ్యవధిలో హెచ్చుతగ్గులవుతున్నాయని ప్రకటించింది. 4.8 గంటల లయకు కూడా కొంత ఆధారం ఉందంది, ఆ మాట మాత్రం అది జాగ్రత్తగానే అంది. శక్తి మాత్రం కీల్ వారు చెప్పినదే. అయితే కీల్ వారిదే నిజమైందని సంబరపడనక్కరలేదు. వారు చెప్పిన ప్రవాహం దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. అంత ఉంటే యూటా ఎడారిలో దొరికి ఉండేది.

అజీలె ఇప్పుడు లేదు. దాని పని 2024 జనవరిలో ముగించారు, ఫిబ్రవరిలో అది వాతావరణంలోకి దిగి కాలిపోయింది. రెండేళ్ళు పనిచేస్తే చాలనుకున్నది దాదాపు పదిహేడేళ్ళు చేసింది. మన వైపు నుంచి చూస్తే, శ్రీహరికోట నుంచే 2015లో వెళ్ళిన ఆస్ట్రోశాట్ ఈ జంటల ఎక్స్-కిరణాలను చూసింది. సిగ్నస్ ఎక్స్-1లో అధిక శక్తి ఎక్స్-కిరణాల ధ్రువణాన్ని కొలిచి, చిమ్ముధార పాత్రకు కొత్త ఆధారం ఇచ్చింది. లడఖ్‌లోని హాన్లేలో భాభా కేంద్రం వారు హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. సాయంతో నిలబెట్టిన 21 మీటర్ల మేస్ గామా దూరదర్శినిని 2024 అక్టోబరులో ప్రారంభించారు. ఆ పక్కనే ఉన్న చంద్ర దూరదర్శినిని నడిపేది మాత్రం దేవనహళ్ళికి దక్షిణాన, పొరుగు తాలూకా హోసకోటెలో కూర్చుని, ఉపగ్రహ సంబంధం ద్వారా. హాన్లే ఆకాశంలో సిగ్నస్ ఎక్స్-3 నడినెత్తికి ఎనిమిది డిగ్రీల దూరంలో నుంచి పోతుంది, అక్కడ విమానాశ్రయ దీపాల బెడద లేదు.